జారని డిస్కు

నడుము నొప్పితో ఆసుపత్రికి వెళ్ళి వచ్చినవారు “డిస్కు జారిందట” అని దిగులుగా చెప్పడం తరచుగా వినిపించే మాటే. ఆ మాట వినగానే గోడలోని ఇటుక పక్కకు తొలగిన దృశ్యం మనసులో మెదలుతుంది. కదిలితే ప్రమాదమనే భయం కలుగుతుంది. నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు. రోగిని మంచానికి కట్టిపడవేసే భయంలో సగం ఈ పేరు వల్ల కలిగినదే.

మానవుని వెన్నెముకలో 33 పూసలుంటాయి. మెడ నుండి నడుము వరకు గల 24 పూసలు విడివిడిగా కదులుతాయి. తక్కిన తొమ్మిది పెద్దవారిలో కలిసిపోయి త్రికాస్థిగా, అనుత్రికాస్థిగా ఏర్పడతాయి. పూసల నడుమ మెత్తలవలె అమరినవే డిస్కులు. మెడలోని మొదటి రెండు పూసల మధ్య డిస్కు ఉండదు. అక్కడి నుండి త్రికాస్థి వరకు మొత్తం 23 డిస్కులున్నాయి. ప్రతి డిస్కుకు వెలుపల పొరలు పొరలుగా అల్లుకున్న గట్టి నారవలయం, లోపల నీరు అధికంగా గల గుజ్జు ఉంటాయి. పగలంతా శరీరభారం వల్ల ఈ గుజ్జులోని నీరు కొంత తగ్గి, రాత్రి పడుకున్నప్పుడు తిరిగి చేరుతుంది. మనిషి సాయంత్రం కంటే ఉదయం కాస్త పొడవుగా ఉండడానికి ఇదే కారణం.

వయసుతోపాటు నారవలయం బీటలు వారుతుంది. అటువంటి స్థితిలో వంగి బరువెత్తినప్పుడో, ఒక్కొక్కసారి గట్టిగా తుమ్మినప్పుడో లోపలి గుజ్జు ఆ బీటగుండా వెలుపలికి పొడుచుకు వస్తుంది. అది పక్కనే ఉన్న నాడీమూలాన్ని నొక్కి, వాచేటట్లు చేస్తుంది. ఇది ఎక్కువగా నడుములోని చివరి రెండు డిస్కులలో జరుగుతుంది. అక్కడి నాడులు కాలిలోకి వెళతాయి కనుక బాధ పిరుదు నుండి పిక్క మీదుగా పాదం వరకు పాకుతుంది. ఆయుర్వేదం ఈ బాధను గృధ్రసి అని పేర్కొన్నది. దీనికీ డిస్కుకూ గల సంబంధాన్ని అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన మిక్స్టర్, బార్ అనే శస్త్రవైద్యులు 1934లో వెల్లడించారు.

అయితే చిత్రంలో కనిపించినదంతా వ్యాధి కాదు. నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. పరీక్ష జరుపగా సగానికి పైగా వ్యక్తులలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉన్నట్లు 1994లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అంతేకాదు, వెలుపలికి వచ్చిన గుజ్జును శరీరంలోని రక్షక కణాలు అన్యపదార్థంగా గుర్తించి క్రమంగా కరిగిస్తాయి. పెద్దగా బయటపడిన ముక్కలే తరచుగా త్వరగా కరగడం విశేషం. అందుచేత ఎక్కువమందికి కొన్ని వారాలలోనే, శస్త్రచికిత్స లేకుండానే ఉపశమనం లభిస్తుంది.

పూర్వం వైద్యులు వారాల తరబడి పడక విశ్రాంతిని విధించేవారు. ఇప్పుడా పద్ధతి మారింది. నొప్పి తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు విశ్రమించి, ఆపైన మెల్లగా నడవడం మేలు. కదలిక లేకపోతే వెన్నుకు ఆధారమైన కండరాలు బలహీనపడతాయి. మందులు నొప్పిని తగ్గించి నడకకు తోడ్పడతాయి. బరువెత్తక తప్పనప్పుడు మోకాళ్ళు వంచి, బరువును శరీరానికి దగ్గరగా పట్టుకోవాలి. చేతులు చాచి ఎత్తిన చిన్న బిందె సైతం నడుముపై ఎన్నో రెట్ల భారం మోపుతుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత నడుము తొక్కించుకుంటే నొప్పి పోతుందనే నమ్మకం పల్లెలలో ఉన్నది. నారవలయం చిట్లి ఉన్నవేళ అటువంటి మోటు చికిత్స హాని చేయవచ్చు.

కొన్ని లక్షణాలు మాత్రం ఒక్క రోజు కూడా ఉపేక్షించరానివి. మూత్రం బిగుసుకుపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల నడుమ స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవక వేలాడడం వంటివి కనిపించిన వెంటనే ఆసుపత్రికి చేరాలి. వెన్నెముక దిగువనున్న నాడుల గుత్తి మొత్తం నలిగినప్పుడు అత్యవసర శస్త్రచికిత్స చేస్తారు. అది ఆలస్యమైతే పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చు.