మీకు తెలుసా? వేంగి రాగిరేకులు, గుంటుపల్లి స్తూపం, కొల్లేటి మావులు

‘వేంగి లిపి’కి ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా?

ఏలూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పెదవేగే ఒకప్పటి వేంగి. మొదట శాలంకాయనులకు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులకు రాజధాని. శాలంకాయన రాజు విజయనందివర్మ భూదానం చేస్తూ చెక్కించిన రాగిరేకులు కొల్లేటి ప్రాంతంలో దొరికి సర్ వాల్టర్ ఇలియట్ చేతికి చేరాయి. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించింది కూడా ఈ ఇలియట్ దొరే. దక్షిణ భారత లిపుల మీద 1874లో పుస్తకం రాసిన ఎ.సి. బర్నెల్ ఈ శాలంకాయన అక్షరాలకు ‘వేంగి’ అని పేరు పెట్టాడు. తెలుగు, కన్నడ అక్షరాలు రెండూ ఆ దారినే నడిచి వచ్చాయి. మనం రోజూ రాసే అక్షరానికి పుట్టింటి ఊరు ఇంత దగ్గర్లో ఉందని బడిలో చెప్పేవాళ్లు ఎంతమంది?

కొల్లేటి నీళ్లు కర్ణాటకలో ఒక గుడి గోడకెక్కాయి, తెలుసా?

ఐహోళెలోని మేగుటి ఆలయం గోడ మీద క్రీ.శ. 634 నాటి శాసనం ఉంది. దాన్ని రాసిన కవి రవికీర్తి. రెండో పులకేశి గెలుపులను వర్ణిస్తూ, యుద్ధంలో చనిపోయినవారి నెత్తుటితో ‘కునాల’ జలాలు ఎర్రబడ్డాయన్నాడు. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ దండయాత్ర తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిని ఏలాడు. అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, సముద్రగుప్తుడి ప్రయాగ శాసనంలో వేంగి రాజు హస్తివర్మ పేరు కనిపిస్తుంది. కైకలూరు పిల్లవాడు పరీక్ష కోసం సముద్రగుప్తుణ్ణి బట్టీ పడతాడు. అందులో తన జిల్లా ఉందని ఎవరైనా చెబితే ఆ పాఠం ఇక మరిచిపోడు.

బౌద్ధ స్తూపానికి శివరాత్రి పూజ జరిగే చోటు తెలుసా?

కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండల మీద గుంటుపల్లి గుహలు ఉన్నాయి. ఈ ప్రాంతమంతటిలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ చోటే. అక్కడ కొండను తొలిచి గుండ్రని చైత్యగృహం చేశారు. మధ్యలో స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణ చేయడానికి ఇరుకైన దారి. లోపల నిలబడి తల ఎత్తి చూడండి. గుండ్రటి పూరింటి కప్పుకు వాసాలు వేసినట్టు రాతిలో వంపు తిరిగిన కమ్మెలు కనిపిస్తాయి. కర్రతో ఇల్లు కట్టే చేతులు రాయి మీదికి వచ్చి, పాత అలవాటు మానుకోలేదు. కొండ పైన పదుల కొద్దీ చిన్న స్తూపాలున్నాయి. భక్తులు మొక్కుకుని కట్టించుకున్నవి అవి.

ఇక్కడ దొరికిన ఒక శాసనంలో మహామేఘవాహన రాజు సిరిసద దగ్గర లేఖకుడిగా పనిచేసిన చులగోముడు మండపం దానం చేసినట్టు ఉంది. రాజు పేరుతోపాటు రాతకోతల ఉద్యోగి పేరు కూడా రెండు వేల ఏళ్లు నిలిచిందంటే సంతోషంగా ఉండదూ!

బౌద్ధం వెనకబడ్డాక చైత్యగృహంలోని స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడన్నారు, శివుడిగా కొలిచారు. ఇది చరిత్ర తెలియని తప్పు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దేవుడున్న చోట రాయి పగలగొట్టి పునాదికి తీసుకుపోయేవాళ్లు ఉండరు. పురావస్తు శాఖ బోర్డు రాకముందు ఎన్నో తరాలపాటు ఆ గుహకు కాపలా కాసింది ఊరి భక్తే.

ఊరివాళ్లు చరిత్రను కాపాడుకున్న సంగతి తెలుసా?

వేంగి చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం 1022లో జరిగింది. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లోనే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వేంకట కృష్ణారావు లాంటివారు ఊరూరా రాగిరేకులు, నాణేలు, శాసనాల జాడ తీసి తమ పత్రికలో అచ్చేశారు. గోదావరి గట్టున ఉన్న రాళ్లబండి సుబ్బారావు పేరిటి మ్యూజియం ఆ పట్టుదల ఫలమే.

ఏలూరు తివాచీ పేర్లు విన్నారా?

రామచంద్రఖానీ, గోపాలరావు ఖానీ, హాషింఖానీ: ఇవన్నీ ఏలూరు తివాచీల నమూనాలు. పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు ఈ పని తెచ్చాయంటారు. నేతగాడు ఉన్ని దారాన్ని పడుగుకు ముడివేసి, కత్తితో కోసి, వరస పూర్తయ్యాక దువ్వెన లాంటి పనిముట్టుతో దట్టించి, చివర కత్తెరతో నున్నగా కత్తిరిస్తాడు. ప్రతి ముడీ చేత్తో వేయాల్సిందే. పర్షియా పనితనానికి గోపాలరావు పేరు తగిలిన ఊరు మనది. ఈ తివాచీని అద్దాల పెట్టెలో పెడితే సగం పనే అయినట్టు. పక్కనే మగ్గం, మగ్గం మీద మనిషి ఉండాలి.

తాడేపల్లిగూడెం దగ్గర మూడు వేల గూడబాతులు ఉండేవని తెలుసా?

1946లో కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఇక్కడి ఆరేడు గ్రామం దగ్గర గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించాడు. ‘ఇందుచూడన్’ పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసిన ఆయనే ఈయన. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మాయమైంది. ఇప్పుడు గూడబాతులను చూడాలంటే కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్లాలి. గూళ్లకు చెట్లు చాలక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీదే పుల్లలు పేర్చుకుని అవి పిల్లలను సాకుతాయి. ఆటపాక వెళ్లినవాళ్లు అక్కడి పర్యావరణ విద్యాకేంద్రంలోకి కూడా పిల్లలను తీసుకెళ్లండి. ముందు అక్కడ చూసి పడవెక్కితే, నీళ్ల మీద కనిపించే పిట్టను పేరు పెట్టి పిలవగలుగుతారు.

గోడలు లేని మ్యూజియం ఉంటుందా?

ఉంటుంది. 1971 ప్రాంతంలో ఫ్రాన్సులో జార్జ్ హెన్రీ రివియేర్, హ్యూగ్ ద వరీన్ ‘ఎకోమ్యూజియం’ అన్న ఆలోచన తెచ్చారు. ఒక ప్రాంతం మొత్తాన్ని, అక్కడి పనులతో, మనుషులతో సహా, ఆ మనుషులే చూపించడం అందులోని ముఖ్య విషయం. 2022లో ప్రేగ్‌లో అంతర్జాతీయ మ్యూజియాల మండలి ఆమోదించిన కొత్త నిర్వచనంలోనూ సమాజాల భాగస్వామ్యం అన్న మాట చేరింది.

కొల్లేరుకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, ఒడిశా గజపతుల కోట గురించి చెప్పుకునే కథలు, వడ్డీ కులస్థుల చేపల వేట, తాటిదోనె, చేప లోపలికి వెళ్తే తిరిగి రాలేని మావు. ఆ మావు అల్లడం తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల చేత అల్లించి, వాళ్ల మాటల్లోనే చెప్పించి రికార్డు చేసిపెట్టాలి. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. పిట్టకు, నీటికి దక్కిన ఆ గుర్తింపు ఇక్కడి చేతిపనికి ఇంకా రావాల్సి ఉంది.

చెరువు తవ్వుతుంటే రాగిరేకు బయటపడితే?

కరిగించకండి, అమ్మకండి. చీపురుతో రుద్ది కడగకండి కూడా. అక్షరాలు అరిగిపోతాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువ చేసే నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే ఊరికే తీసుకోదు. ఆ లోహం విలువకు అందులో అయిదో వంతు కలిపి చెల్లించాలని ఆ చట్టమే చెబుతోంది. చేపల చెరువుల కోసం ఇంత నేల తవ్వే ప్రాంతంలో ఈ సంగతి ప్రతి పొక్లెయిన్ డ్రైవరుకు, ప్రతి రైతుకు తెలియాలి. మీ ఊళ్లో చెప్పండి.