కృప కూలి డబ్బు కాదు

మార్చి ఎండలో మిరప కల్లంలో ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతుంటారు. ఎర్రటివి ఒక కుప్ప, తెల్లబారినవి ఒక కుప్ప. దేవుని తీర్పు అనగానే మన పల్లెల్లో చాలామంది మనసులో మెదిలేది ఈ ఏరివేతే.

అపోహ: మంచి పనులు తూకానికి వస్తే రక్షణ, రాకపోతే నరకం.

వాస్తవం: ఆ కాటాలో తూగే మనిషి ఒక్కడూ లేడన్నదే క్రైస్తవ బోధ. అందుకే కృప కావాలి. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో పొద్దున్నే వచ్చిన కూలికీ, పొద్దువాలే వేళ వచ్చిన కూలికీ ఒకటే దేనారం. మన ముఠా మేస్త్రీలు ఎవరూ అలా పంచరు. అర్హత చూసి ఇస్తే అది కూలి, చూడకుండా ఇస్తే కృప.

అపోహ: పంట పోయిందంటే ఆ ఇంటి పాపానికి శిక్ష.

వాస్తవం: 2021లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల్ని ఊడ్చేసింది. బయటి దేశం నుంచి వచ్చిన పురుగది. ఎన్ని మందులు కొట్టినా సరిగా లొంగలేదు. ప్రార్థనాపరుల చేలనూ వదల్లేదు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకోవద్దని యేసే చెప్పాడు. ఆ వెంటనే, వింటున్నవాళ్లనే మారుమనస్సు పొందమన్నాడు. అప్పులపాలైన రైతు గుమ్మంలో నిలబడి అతని పాపాలు లెక్కపెట్టడం సువార్త కాదు, క్రూరత్వం.

అపోహ: మారుమనస్సు అంటే ఉజ్జీవ కూటాల్లో ఏడవడం.

వాస్తవం: కన్నీళ్లు రావచ్చు, రాకపోవచ్చు. సుంకపు గుత్తదారుడు జక్కయ్య ఇంటికి యేసు ముందు వచ్చాడు. అన్యాయంగా గుంజుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య ఆ తర్వాత అన్నాడు. కూలి ఎగ్గొట్టినవాడి మారుమనస్సు ఆ కూలీ చేతిలో డబ్బు పెట్టినప్పుడే కనబడుతుంది.

అపోహ: మన తాతలు కరువులో గంజి కోసమే బాప్తిస్మం తీసుకున్నారు.

వాస్తవం: ఈ మాట నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే, కరువుకు పదేళ్ల ముందే, బాప్తిస్మం పొందాడు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. తిండి కోసం ఎవరూ చేరకూడదని ఆ రోజుల్లో పదిహేను నెలలు బాప్తిస్మాలే ఆపేశాడు. ఒక్కొక్కరి మనసులో ఏముందో దేవుడికే తెలుసు. కానీ కరువు సాయం ముగిసిందని చెప్పాకే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలోకి 2,222 మంది దిగారు.