పటాన్‌చెరు బండ, జహీరాబాద్ నల్లరాయి

పటాన్‌చెరు పేరు చెప్పగానే మందుల కంపెనీలు, ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల బారులు, నక్కవాగు గుర్తుకొస్తాయి. ఆ షెడ్లన్నీ నిలబడ్డ బండను పట్టించుకునేవాళ్లు తక్కువ. ముంబై హైవే ఎక్కి జహీరాబాద్ వైపు బయల్దేరితే డెబ్బై చిల్లర కిలోమీటర్ల దూరం. సంగారెడ్డి దాకా బూడిద రంగు, లేత గులాబీ రంగు గ్రానైట్ గుండ్లు, వాటి చుట్టూ చెల్క నేలలు. సదాశివపేట దాటి పడమరకు పోయేకొద్దీ రేగడి విస్తరిస్తుంది, రాయి నల్లబడుతుంది. కోహీర్, జహీరాబాద్ దగ్గర నేల మళ్లీ ఎర్రబారుతుంది. అది లాటరైట్. నల్లరాయి లక్షల ఏళ్లు వానకు నాని, ఎండకు కాగి, మిగతావన్నీ కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టిపడ్డ ఎర్రరాయి.

గ్రానైట్ అయినా, ఆ నల్లరాయి బసాల్ట్ అయినా ఒకప్పుడు మాగ్మానే, అంటే కరిగిన రాయే. మొదటిది నేల లోపలే గడ్డకట్టింది. రెండోది నేలను చీల్చుకుని వచ్చి దక్కన్‌ను కప్పేసింది. ఎందుకీ తేడా అని అడిగితే జవాబు భూమి లోపలే దొరుకుతుంది. మాగ్మా పైకి వచ్చే దారిలో ఎక్కడ ఆగింది, ఎంతకాలం ఆగింది, ఆగినచోట ఏం పోగొట్టుకుంది, ఏం కలుపుకుంది అన్నదాన్ని బట్టే అది పారుతుందా, పేలుతుందా, అక్కడే ఉండిపోతుందా అన్నది తేలుతుంది.

పటాన్‌చెరు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పటికే ఉన్న పాత ఖండపు రాయి లోతుల్లో కరగడంతో పుట్టిన మాగ్మా అది. బరువులో 70 శాతానికి పైగా సిలికా. అంత సిలికా ఉన్న ద్రవం చిక్కగా ఉంటుంది, తేలిగ్గా కదలదు. కొన్ని కిలోమీటర్ల లోతున ఆగి, తీరిగ్గా చల్లారింది. తీరిగ్గా చల్లారింది కాబట్టే ఇక్కడి బండలో గులాబీ ఫెల్‌స్పార్ పలుకులు, గాజులాంటి క్వార్ట్జ్ గింజలు కంటికి కనిపించేంత పెద్దవి. పైనున్న రాతి కప్పంతా కోట్ల ఏళ్లలో అరిగిపోయాక అది వెలుగు చూసింది. రామచంద్రాపురంలో, పటాన్‌చెరులో మనం నడుస్తున్నది ఒకనాటి మాగ్మా గది లోపలి భాగం మీద.

మాగ్మా లోపల్లోపలే ఎలా మారుతుందో ప్రయోగశాలలో చూపించినవాడు నార్మన్ బోవెన్. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాలలో ఖనిజాల పొడులను కొలిమిలో కరిగించి, నిర్ణీత వేడి దగ్గర ఆపి, ఠక్కున చల్లార్చి ఏ స్ఫటికం ముందు పుడుతుందో గమనించాడు. 1928లో వచ్చిన ఆయన పుస్తకం ఈ శాస్త్రానికి పునాది. బసాల్ట్ మాగ్మా చల్లబడుతుంటే ముందుగా ఆలివిన్, ఆ తర్వాత పైరాక్సీన్, కాల్షియం ఎక్కువున్న ఫెల్‌స్పార్ గట్టిపడతాయి. వీటిలో సిలికా తక్కువ, మెగ్నీషియం, ఇనుము, కాల్షియం ఎక్కువ. ఇవి విడిపోగా మిగిలిన ద్రవంలో సిలికా, సోడియం, పొటాషియం, నీరు పెరుగుతూ పోతాయి. అంటే ఒకే మాగ్మా ఆగినకొద్దీ వేరే మాగ్మా అవుతుంది.

పేలుడు గుట్టు ఈ చిక్కదనంలోనే ఉంది. జహీరాబాద్ చెరుకు పొలాల పక్కన బెల్లం వండే చోట నిలబడితే ఇది అర్థమవుతుంది. రసం పలుచగా ఉన్నప్పుడు బుడగలు తేలిగ్గా పైకొచ్చి పోతాయి, పాకం ముదిరాక అవే బుడగలు చిక్కుకుని ఉబ్బి చిట్లుతాయి. లోతున ఒత్తిడికి లొంగి మాగ్మాలో కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధక వాయువులు పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు కడతాయి. 1150 డిగ్రీల వేడితో పలుచగా ఉండే బసాల్ట్ వాటిని వదిలేసి పారుతుంది. సిలికా నిండిన మాగ్మా వదలలేదు. చివరికి అదే ముక్కలై బూడిదగా ఎగిసిపడుతుంది.

లోపల ఉన్నదంతా ద్రవమే అనుకోవడం కూడా సరికాదు. మాగ్మా గదిలో ఎక్కువ భాగం స్ఫటికాల ముద్ద. అందులో అక్కడక్కడ ద్రవం పేరుకుంటుంది. ఎన్నో ఏళ్లు కదలకుండా ఉన్న ఆ ముద్దలోకి కింది నుంచి కొత్త వేడి బసాల్ట్ చొరబడితే గది మేల్కొంటుంది. ఫిలిప్పీన్స్‌లో 1991 జూన్‌లో పినతుబో అగ్నిపర్వతం పేలింది అలాగే.

సదాశివపేట అవతలి నల్లరాయి కథ దీనికి భిన్నం. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి దక్కన్ లావాల తూర్పు అంచు అది. ఇప్పటికీ సుమారు ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉన్న ఆ రాతి దుప్పటి పశ్చిమ కనుమల్లో కిలోమీటర్ల మందం. తూర్పుకు వచ్చేకొద్దీ పలుచబడుతుంది. మహారాష్ట్రలోని కొయ్నాలో శాస్త్రవేత్తలు తవ్విన బోరులో 933 మీటర్ల బసాల్ట్ దాటాక గ్రానైట్ తగిలింది. 1993 భూకంపం తర్వాత కిల్లారిలో 338 మీటర్లకే తగిలింది. మన వైపు వచ్చేసరికి నల్లరాయి పూర్తిగా అయిపోయి గ్రానైట్ బయటపడుతుంది.

ఆ లావాల్లో నన్ను అన్నింటికన్నా ఆకట్టుకునేది వాటి రసాయన చరిత్ర. పశ్చిమ కనుమల్లో ఒకదానిపై ఒకటి పేరుకున్న పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు బుషె, పోలాద్‌పూర్, అంబెనలి, మహాబలేశ్వర్ అని పేర్లు పెట్టారు. బుషె లావాలో స్ట్రాన్షియం ఐసోటోపుల తీరు చూస్తే అది పైకొచ్చే దారిలో పాత ఖండపు రాళ్లను బాగా కరిగించి కలుపుకుందని తెలుస్తుంది. పైనున్న అంబెనలిలో ఆ కల్తీ చాలా తక్కువ. కొన్ని పొరల్లో వేలెడంత పొడవైన ఫెల్‌స్పార్ పలకలున్నాయి. లావా బయటికొచ్చాక అంత స్ఫటికం పెరిగే వ్యవధి ఉండదు. లోపల గదిలో నిలిచి ఉన్నప్పుడే అవి పెరిగాయి. రాయి తన మజిలీలను ఇలా రాసిపెట్టుకుంటుంది.

ఇదే ఆధారంతో మరో పెద్ద సంగతి బయటపడింది. రాజమండ్రి చుట్టూ కాతేరు, పంగిడి దగ్గర కనిపించే నల్లరాయి రసాయనం అంబెనలి, మహాబలేశ్వర్ లావాలతో సరిపోలింది. పశ్చిమం నుంచి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిన లావా అదని 2008లో అగ్నిపర్వత శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్ బృందం వాదించింది. పైన గట్టిపడ్డ పెంకు కింద వేడి నిలబడబట్టే అంత దూరం పారగలిగింది.

ఈ ప్రవాహాల మధ్య విరామాలు ఉండేవి. ఒక లావాకు మరో లావాకు నడుమ ఎర్రమట్టి పొరలు, చెరువుల ఒండ్రు కనిపిస్తాయి. సంగారెడ్డికి దక్షిణాన, వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ దగ్గర అలాంటి పొరలోనే పురాజీవ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఒక చిన్న క్షీరదం పళ్లను గుర్తించి 1988లో ప్రకటించారు. దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదలు. లావా చల్లారిన నేల మీద చెరువులు నిండి, నత్తలు చేరి, ఎలుకంత జీవి తిరిగేంత వ్యవధి దొరికిందన్నమాట. ఇంత విలువైన చోటు గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీ అయినా ఉండాలని గట్టిగా అంటాను.

పారే లావా పేలేదానికంటే మంచిదని అనుకోకూడదు. 1783లో ఐస్‌లాండ్‌లో లాకీ పగుళ్ల నుంచి ఎనిమిది నెలలు బసాల్ట్ పారింది. దాని గంధక వాయువులకు గడ్డి విషమై, పశువులు చచ్చి, కరువొచ్చి ఆ దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు పోయింది. దక్కన్ ప్రవాహాల్లో ఒక్కోటి లాకీకి ఎన్నో రెట్లు. డైనోసార్ల అంతంలో మెక్సికో దగ్గర పడ్డ గ్రహశకలం వాటా ఎంత, దక్కన్ వాయువుల వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తోంది.

పేలిన మాగ్మా ఆనవాలు కూడా తెలుగు నేల మీదే ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో మట్టి పొరల నడుమ తెల్లటి బూడిద పొర. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటి వచ్చి పడింది. ఆ పొరకు కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా బృందం ప్రకటించింది. టోబా మాగ్మా రైయోలైట్. కూర్పులో అది పటాన్‌చెరు గ్రానైట్‌కు చుట్టమే.

మాగ్మా చల్లారిన తీరు పటాన్‌చెరు పారిశ్రామిక వాడ బతుకులోకి నేల రూపంలో, నీళ్ల రూపంలో వచ్చింది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో వెలిసినప్పుడు ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో దొరికాయి. ఎర్రనేల రకానికి పటాన్‌చెరు అని, నల్లనేల రకానికి కాసిరెడ్డిపల్లి అని పేర్లున్నాయి. గ్రానైట్‌లో నీరు పైనున్న మొరంలో, కింది పగుళ్లలో మాత్రమే ఉంటుంది. దానికి అడ్డంగా డోలరైట్ డైకులు దిగి ఉన్నాయి. గ్రానైట్ పగుళ్లలోకి చొరబడి గట్టిపడ్డ మరో మాగ్మా గోడలవి. కొన్నిచోట్ల భూగర్భ జలాన్ని అడ్డుకుంటాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలు ఆ పగుళ్లలోకి దిగాక ఏ బావిలో తేలతాయో పైనుంచి చూసి చెప్పలేం. నక్కవాగు పొడవునా రైతులు పడ్డ గోస 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇప్పుడు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో కొత్త పారిశ్రామిక మండలానికి భూములు తీసుకున్నారు. అక్కడ కింద ఉన్నది బసాల్ట్, లాటరైట్. లాటరైట్ రంధ్రాల గుండా నీరు త్వరగా దిగి, కింది బంకమట్టి పొర మీద నిలిచి పక్కకు పారుతుంది. బహమనీల కాలంలో బీదర్‌లో కరేజ్ సొరంగాలు తవ్వింది ఆ నీటి కోసమే. పటాన్‌చెరు గ్రానైట్‌కు గీసిన నీటి పటం అక్కడ పనికిరాదు. మొదటి పొగగొట్టం లేవకముందే ఆ ఊళ్ల బావులన్నింటి నీళ్లు పరీక్షించి, ఆ లెక్కలు పంచాయతీ ఆఫీసు గోడమీద అంటించాలి.