అద్దాల తొట్టిలో విషపుష్పాలు!

నీళ్లలో విషం అంటే ఏమిటో నల్గొండ జిల్లా మర్రిగూడ వాసులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ అక్కడ తరాల తరబడి ఎముకల్ని వంచేసింది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు.

సముద్రంలో మరో విషం ఉంది. అది రంగురంగుల పూల వేషంలో ఉంటుంది. కాస్తే పోకపోగా, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది!

ఉప్పునీటి అక్వేరియంలలో పెంచే జోయాంథిడ్లు చూడటానికి చొక్కా గుండీలంత ఉంటాయి. ఆకుపచ్చ, నారింజ, ఊదా... నీలి దీపం వేస్తే మెరుస్తాయి. పగడాలకు చుట్టాలైన ఈ జీవుల్లో కొన్నిటిలో పాలీటాక్సిన్ ఉంటుంది. మన కణాల్లోంచి సోడియంను బయటికీ, పొటాషియంను లోపలికీ లెక్కగా పంపే ద్వారాన్ని అది బార్లా తెరిచేస్తుంది. ఇక కండరాలూ గుండే పట్టు తప్పుతాయి. దీనికి విరుగుడు మందు లేదు.

హవాయి దీవుల్లోని హానా జాలర్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. మనుషుల్ని తినే ఒక సొరచేప మనిషిని చంపి, కాల్చి, బూడిదను సముద్రపు గుంటలో పోస్తే అక్కడ విషపు నాచు మొలిచిందని వాళ్ల కథ. బల్లేలకు దాన్ని పూసేవారట. పరిశోధకులు 1961 డిసెంబరు 31న ఆ గుంట నుంచి నమూనాలు తెచ్చారు. అదే రోజు వాళ్ల పరిశోధనశాల భవనం కాలిపోయింది! యాదృచ్ఛికమే అనుకోండి. అది నాచు కాదు, జోయాంథిడే అని తర్వాత తేలింది. మూర్, షోయర్ అనే శాస్త్రవేత్తలు 1971లో ఆ విషాన్ని వేరుచేసిన వివరాలు ప్రకటించారు.

మరి ఇళ్లలో? అమెరికాలోని అలాస్కాలో 2014లో ఒకాయన కొత్త జోయాంథిడ్లను తొట్టిలో పెట్టాడు. ఏడెనిమిది గంటల్లో నోరంతా లోహపు చేదు, జ్వరం, దగ్గు. ఇంగ్లండులో 2018 మార్చిలో ఒక ఇంట్లో తొట్టి శుభ్రం చేస్తుండగా ఆరుగురు కుటుంబసభ్యులతో పాటు, సాయానికొచ్చిన నలుగురు అగ్నిమాపక సిబ్బందీ ఆస్పత్రిలో చేరారు.

తొట్టిలో ఉన్నంతసేపూ వీటి జోలికి వెళ్లకపోతే సాధారణంగా ఇబ్బంది లేదు. చిక్కంతా గీకడంలో, కోయడంలో, మొండి రాయి శుభ్రపడుతుందని వేడినీళ్లు పోయడంలోనే. పెంచేవారు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. పుండున్న చేతిని నీళ్లలో ముంచకూడదు. వాడిన పాత్రల్ని బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి. పని చేశాక నోరు చేదైనా, ఊపిరి బరువెక్కినా గదిలోంచి అందరూ బయటకొచ్చి, ఆస్పత్రిలో ‘పాలీటాక్సిన్’ అనే పేరు తప్పక చెప్పాలి. ఆ పేరు వినని డాక్టర్లూ ఉంటారు మరి.