మీకు తెలుసా? ఓడిన రోజు మైకు ఎవరి ముందుంది?

1979 ఆగస్టు 10. మన తొలి ఉపగ్రహ వాహకనౌక ఎస్‌ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి నింగికెగిసింది. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఓ వాల్వ్ మొరాయించడంతో నైట్రిక్ ఆమ్లం కారిపోవడమే కారణం.

★ ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆపమనే చెప్పింది! పక్కనున్న నిపుణులు ఫర్వాలేదన్నారు. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం కానిమ్మన్నారు. ఈ మాట కలామే తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. అంటే తప్పు మోపడానికి మనిషి చేతికందే దూరంలోనే ఉన్నాడు.

★ కానీ ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ కలాం మీద తప్పు మోపలేదు. కలాంను పక్కన కూర్చోబెట్టుకుని విలేకరులకు తానే జవాబిచ్చారు. బాధ్యత తన మీద వేసుకుని, తనవాళ్లు ఏడాదిలో సాధించి చూపిస్తారని మాటిచ్చారు.

★ ఏడాది తిరగకముందే, 1980 జులై 18న అదే బృందం 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరుల ముందుకు ధావన్ వెళ్లలేదు, కలాంను పంపారు.

★ ఓటమి భారం అధిపతే మోయడం మంచితనం ఒక్కటే కాదు, ఇంజినీరింగ్ అవసరం కూడా. లోపం ఎక్కడుందో దొరకాలంటే పని చేసినవాళ్లు నోరు విప్పాలి. కొలువు పోతుందన్న భయం ఉంటే 'ఆ వాల్వ్ చూసింది నేనే' అని ఎవరంటారు?

★ 1993 సెప్టెంబర్ 20న ఇస్రో మరో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం కూడా సముద్రం పాలైంది. 1994 అక్టోబర్ 15న రెండోది గెలిచింది. ఓడిన ఆ తొలి ప్రయోగం నాటి ప్రాజెక్టు డైరెక్టర్ మాధవన్ నాయర్ 2003లో ఇస్రోకే అధిపతి అయ్యారు.

★ నాడు ధావన్ పక్కన మౌనంగా కూర్చున్న కలాం 2002 జులైలో రాష్ట్రపతి అయ్యారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో శ్రీహరికోట కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు.