కౌలు, కులం, రైతు సాయం: గోదావరి డెల్టాలో పట్టా వెంట నడిచే డబ్బు

రైతుకు ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం గురించి మాట్లాడే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. రైతు అంటే ఎవరు? రాజమహేంద్రవరం దిగువన గోదావరి డెల్టాలో దీనికి రెవెన్యూ రికార్డు చెప్పే జవాబు ఒకటి, పొలం చెప్పే జవాబు వేరొకటి.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలకు నీళ్లిచ్చింది. నీళ్లతో భూమి విలువ పెరిగింది. ఆ భూమి మాలపేటకు, మాదిగపేటకు వచ్చింది మాత్రం బహు తక్కువ. అక్కడివారు పాలేర్లుగా, కూలీలుగా మిగిలారు. తర్వాతి తరాల్లో ఆసాములు చాలామంది చదువులకీ వ్యాపారాలకీ పట్నాలు చేరి పొలాలు కౌలుకిచ్చారు. ఇవాళ సార్వా, దాళ్వా పండించేవారిలో కౌలుదార్లది పెద్ద వాటా. వారిలో దళితులు, వెనుకబడిన కులాలవారు ఎందరో ఉన్నారు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. లెక్క బస్తాల్లో ఉంటుంది.

నోటిమాటే ఎందుకు? 1956 కౌల్దారీ చట్టం కౌలుదారుకు కనీసం 6 సంవత్సరాల గడువు ఇచ్చింది. హక్కు ఎక్కడ పుడుతుందోనని ఆసాములు కాగితం రాయడమే మానుకున్నారు. కాగితం లేనివాడు ప్రభుత్వం కంటికి ఆనడు.

2011లో వచ్చిన చట్టం కౌలుదారుకు ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇచ్చింది. దానికి ఆసామి సంతకం అక్కర్లేదు. అయితే అదే పొలం మీద ఆసామి అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు కార్డును పక్కన పెట్టేది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డు తెచ్చింది. భూమి హక్కుకు ఢోకా లేదని చట్టమే చెప్పినా, ఆసామి సంతకం తప్పనిసరి చేసింది. తాళం అక్కడ పడింది.

ఇక డబ్బు సంగతి. 2019లో మొదలైన కేంద్ర పథకం పి.ఎం.కిసాన్ ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబాలకే. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారులకే దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా కొంత వేరు. భూమిలేని ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ కౌలుదార్లకు 13,500 రూపాయలు ఇస్తామంది. కులానికీ భూమికీ ఉన్న ముడిని ఒప్పుకున్న మాట అది. కానీ చేతికి రావాలంటే కార్డు కావాలి, కార్డుకి సంతకం కావాలి. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ కేంద్రం వాటాతో కలిపి మొత్తాన్ని 20,000కు పెంచింది. తాళం మాత్రం అదే.

ఫలితమేమిటి? విత్తనం, ఎరువు, కూలి ఖర్చు పెట్టేది ఒకడు, పెట్టుబడి సాయం అందుకునేది ఇంకొకడు. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం దక్కదేమోనని కౌలుదారు నోరు విప్పడు. ఊళ్లో కూలికీ, అప్పుకీ అదే ఆసామి గడప తొక్కవలసిన దళితుడికి ఈ భయం రెట్టింపు. పట్టా కులాన్ని అనుసరించింది, సాయం పట్టాను అనుసరిస్తోంది. పథకంలో కులం పేరు రాయకపోయినా పంపకం కులాన్ని బట్టే జరుగుతోంది.

దారి లేక కాదు. పొలంలో పంట ఎవరు వేశారో ఈ-క్రాప్‌లో నమోదు చేసే ఏర్పాటు ఊరూరా ఉంది. ఆ నమోదునీ, గ్రామసభ సాక్ష్యాన్నీ ఆధారం చేసుకుని ఆసామి సంతకం లేకుండా కార్డు ఇవ్వాలి. నాట్లూ కోతలూ చేసే దళిత స్త్రీ పేరు కూడా కార్డులో ఉండాలి. సాయం మొత్తం పెంచమని అడగడం తేలికే, ఏ పార్టీ అయినా ఒప్పుకుంటుంది. దళిత ఉద్యమం పట్టుబట్టవలసింది రైతు నిర్వచనం మార్చమని.