క్యాంపర్‌ను లాగే ట్రక్కుకు టైర్ల ఎంపిక

అమెరికాలో చాలా కుటుంబాలు పడక, వంటగది ఉన్న క్యాంపర్‌ను పికప్ ట్రక్కు వెనుక తగిలించుకొని ప్రయాణిస్తాయి. అటువంటి ట్రక్కుకు టైర్లు మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూస్తే చాలదు. టైరు ఎంత బరువు మోయగలదో తెలిపే భార సూచికను కూడా చూడాలి.

క్యాంపర్ బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడుతుంది. కొక్కెం వెనుక ఇరుసు కంటే వెనుకగా ఉంటుంది. కాబట్టి ముందు ఇరుసు కొంత తేలికై, ఆ భారం కూడా వెనుక టైర్లకే చేరుతుంది.

ఉదాహరణ: క్యాంపర్‌ను తగిలించి, సామాను నింపి తూచినప్పుడు వెనుక ఇరుసు మీద 2,400 కిలోలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క టైరు వాటా 1,200 కిలోలు. భార సూచిక 113 గల టైరు 1,150 కిలోలే మోస్తుంది, అది చాలదు. సూచిక 121 అయితే 1,450 కిలోలు మోస్తుంది. అయితే అందుకు తగినంత గాలి ఉండాలి. గాలి తగ్గితే టైరు పక్కగోడ ఎక్కువగా వంగి, వేడెక్కి, పగిలిపోవచ్చు.

ఒక విషయం గమనించండి: గట్టి టైర్లు వేసినంత మాత్రాన ఇరుసు పరిమితి పెరగదు. ఆ పరిమితి డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీద ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: వెనుక ఇరుసు మీద 2,800 కిలోలు పడితే 121 సూచిక గల టైర్లు సరిపోతాయా? ఇంకా ఏమి పరిశీలించాలి?